బ్రాకెట్లలో పేరు

దైవాశీర్వాదం చర్చికి ఆలస్యంగా వెళ్ళే మనిషి కాదు. న్యూజెర్సీలోని పిస్కాటవేలో పదకొండు తెలుగు కుటుంబాలు కలిసి, సహవాసం అని పేరు పెట్టుకుని, అమెరికన్ల చర్చిని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాడుకోవడం మొదలుపెట్టిన 1977 నుంచీ అక్కడ పాట ఎత్తుకునేది అతనే. హార్మోనియం పెట్టె మోసేదీ అతనే, పాటల పుస్తకాలు పంచేదీ అతనే. అలాంటివాడు 1983 అక్టోబరులో ఒక ఆదివారం చర్చి పార్కింగ్ లాట్‌లో ఇంజను ఆపేసి, తలుపు తెరవకుండా, స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాడు.

పక్కన ఒక పికప్ ట్రక్కు ఆగి ఉంది. అద్దాలు దించి ఉన్నాయి. లోపల ముసలాయన హచిన్స్ కళ్ళు మూసుకుని క్యాసెట్ వింటున్నాడు. హచిన్స్ అమెరికన్ చర్చి బిల్డింగు కమిటీకి చైర్మన్. టెనెస్సీ నుంచి వచ్చి, నలభై ఏళ్ళు ఇక్కడే ప్లంబింగు పని చేసి రిటైరైన మనిషి. తెలుగువాళ్ళు వెళ్ళిపోయాక కూడా కిచెన్‌లో పోపు వాసన పోవడం లేదని రెండుసార్లు ఉత్తరం రాసింది ఆయనే. ఆ క్యాసెట్‌లో వస్తున్న పాట పేరు తెలుగులో చెప్పాలంటే ‘ఖాళీ స్టూలు’. బార్‌లో తాగుతూ కూర్చున్నవాడి పాట.

ఆ బాణీలోనే తెలుగు సహవాసం ఐదున్నరేళ్ళుగా ఒక కీర్తన పాడుతోంది. బాణీ కట్టింది దైవాశీర్వాదమేనని పుస్తకంలో రాసి ఉంది. కాదని తెలిసినవాడు తనొక్కడేనని ఇన్నాళ్ళూ అతని ధైర్యం. ఆ ధైర్యం ఆ ట్రక్కు పక్కన నీరుగారిపోయింది.

ఆశీర్వాదం దొంగ కాదు. రేపల్లె దగ్గర మిషన్ బడి మేష్టారి కొడుకు. 1970లో కెమిస్ట్రీ ఎమ్మెస్ చదవడానికి కెంటకీలో ఒక చిన్న ఊరికి వచ్చాడు. ఆ ఊళ్ళో ఇండియన్లు అతనితో కలిపి ఇద్దరు. ఆ రెండోవాడు సెలవు దొరికితే చాలు, షికాగో పారిపోయేవాడు. ఆశీర్వాదం సాయంత్రాలు ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. అక్కడ పావలా వేస్తే పాడే జ్యూక్‌బాక్స్ ఒకటుండేది. వంటావిడ రోజూ వేసే పాట ఇదే. ఒకడు బార్‌లో పక్క స్టూలు మీద తన టోపీ పెట్టి ఉంచుతాడు. ఎవరొచ్చి కూర్చోబోయినా, ఇక్కడ మనిషుందండీ, వస్తుంది అంటాడు. బార్ మూసేస్తారు, ఆవిడ రాదు. అంతే పాట. చుక్క ముట్టని ఇంట్లో పుట్టిన ఆశీర్వాదానికి బార్ ఎలా ఉంటుందో తెలీదు. ఎవరూ వచ్చి కూర్చోని కుర్చీ ఎలా ఉంటుందో మాత్రం మొదటి చలికాలంలోనే తెలిసింది. తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచి ఏడ్చేవాడు. ఎవరైనా అడిగితే సబ్బు నీళ్ళు కళ్ళలో పడ్డాయనేవాడు.

ఆ పాట పాడినవాడు వెస్ హార్లన్. ఆ రోజుల్లో ఆ పేరు తెలియని ట్రక్ డ్రైవర్ లేడు. కానీ ఆశీర్వాదం లాబొరేటరీ మనిషి, సీసా మీద లేబుల్ చదవందే మూత తీయడు. రికార్డు కొన్నప్పుడూ లేబుల్ చదివాడు. పాట పేరు కింద, బ్రాకెట్లలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో పేరుంది: ఓరిన్ టాల్బట్. మాటలు రాసి, బాణీ కట్టినవాడు. తనకి నచ్చిన మిగతా పాటల లేబుళ్ళు కూడా తిరగేస్తే, పాడినవాళ్ళు వేరువేరు, బ్రాకెట్లలో పేరు మాత్రం ఒకటే. ఆ రోజు నుంచి అతనికి హార్లన్ అక్కర్లేకపోయాడు. టాల్బట్ పేరున్న రికార్డులు తొమ్మిది పోగేశాడు. న్యూజెర్సీలో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చాక, బట్టల పెట్టెనైనా డిక్కీలో పడేశాడు గానీ ఆ తొమ్మిదింటినీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు.

టాల్బట్ ఫొటో ఒకటి పంపమని రికార్డు కంపెనీకి ఉత్తరం రాస్తే, హార్లన్ ఫొటో పంపారు, సంతకంతో సహా. ఆశీర్వాదానికి ఒళ్ళు మండిపోయింది. “చెట్టు నాటినవాణ్ణి చూపించమంటే పండు తిన్నవాణ్ణి చూపిస్తారేంటి?” అని భార్య విమలకుమారితో పదిసార్లు అన్నాడు. ఆవిడ నర్సు, ఓపికగా పదిసార్లూ విన్నది.

అంత మాట అన్న నోరు 1978 ఫిబ్రవరిలో మూతపడింది.

సహవాసంలో అందరికంటే పెద్దావిడ జ్ఞానమ్మగారు. గుంటూరు జిల్లా నుంచి భర్తతో కలిసి కొడుకు దగ్గరికి వచ్చారు. వచ్చిన నాలుగో నెలలో, మంచు మోకాళ్ళ దాకా పడి ఉండగా, ఆయన పోయారు. సమాధి కార్యక్రమంలో పాడటానికి ఆశీర్వాదం ఒక కీర్తన రాశాడు. పనిలో భోజనం బ్రేక్‌లో రాశాడు. ‘ఖాళీగా ఉంచితిని ప్రభువా, నా ప్రక్క చోటు నీ కొరకే’ అని పల్లవి పడగానే బాణీ దానంతటదే వచ్చి కూర్చుంది. వేరే బాణీ కట్టబోయాడు గానీ ఆ మాటలు ఒప్పుకోలేదు. గడ్డకట్టిన నేల పక్కన నిలబడి అందరూ పాడుతుంటే, జ్ఞానమ్మగారు చీర మీద తొడుక్కున్న కొడుకు కోటు చేతిని నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఆ తర్వాత పాస్టరు దేవకుమార్‌గారు, “రాగం ఏంటి బ్రదర్?” అని అడిగారు. శంకరాభరణం, తిశ్ర నడక అన్నాడు ఆశీర్వాదం. అది అబద్ధమేమీ కాదు, ఆ మెట్లు ఆ రాగానివే, ఆ నడక ఆ తాళానిదే. బాణీ ఎవరిదని అడిగారు. అతను నోరు తెరిచేలోగా జ్ఞానమ్మగారు అందుకుని, “ఇంకెవరిదయ్యా, మన అబ్బాయిదే. దేవుడిచ్చాడు,” అన్నారు. భర్తని అప్పుడే మట్టిలో పెట్టొచ్చిన మనిషితో, కాదమ్మా ఇది బార్‌లో పాట అని ఎలా అంటాడు? ఊరుకున్నాడు. మరుసటి ఏడాది సైక్లోస్టైల్ తీసిన పాటల పుస్తకంలో అరవై రెండో కీర్తన కింద ‘రచన, బాణీ: కె. దైవాశీర్వాదం’ అని పడింది. స్టెన్సిల్ మీద పాస్టరుగారు ఆ అక్షరాలు గీస్తుంటే పక్కనే ఉండి చూశాడు. అప్పుడూ ఊరుకున్నాడు. మొదటిసారి ఊరుకున్నది జాలితో. రెండోసారి ఎందుకు ఊరుకున్నాడో అతనికి బాగా తెలుసు, ఎవరికీ చెప్పుకోలేదు.

హచిన్స్ ట్రక్కు దిగి వెళ్ళిపోయాక, ఆశీర్వాదం తనూ దిగి హార్మోనియం మోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఆ రోజు ఆరాధన చివర పాస్టరుగారు ప్రకటన చేశారు. నవంబరు మొదటి ఆదివారం పొద్దున్న అమెరికన్ చర్చివాళ్ళు మనందరినీ వాళ్ళ ఆరాధనకి పిలిచారు, మనం ఒక పాట పాడాలి. అదే సాయంత్రం వాళ్ళ కమిటీ కూర్చుని, ఈ హాలు ఇంకో ఏడాది మనకివ్వాలా, నర్సరీ స్కూలు పెడతామంటున్న వాళ్ళకివ్వాలా తేలుస్తుంది.

“ఏ పాట పాడదాం?” అని పాస్టరుగారు అడగడమే ఆలస్యం, ముందు వరసలోంచి జ్ఞానమ్మగారు, “అరవై రెండు,” అన్నారు. “పల్లవి నేనెత్తుకుంటా.”

“అయ్యగారూ, వాళ్ళకి తెలిసిన కీర్తన ఏదైనా ఇంగ్లీష్‌లో పాడితే బాగుంటుందేమో,” అన్నాడు ఆశీర్వాదం. 

“వాళ్ళ పాట వాళ్ళకి పాడటం ఏంటి బ్రదర్? మన పాటే పాడాలి. మన బ్రదర్ సొంతంగా కంపోజ్ చేశారని ప్రోగ్రాం షీట్‌లో వేయిస్తాను. కమిటీవాళ్ళకి మంచి ఇంప్రెషన్ పడుతుంది.”

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆ షీటు హచిన్స్ చేతికి వెళ్తుంది. హచిన్స్ చెవికి ఆ పాట వెళ్తుంది. వీళ్ళ పోపు వాసనే భరించలేని మనిషి, వీళ్ళ అబద్ధాన్ని భరిస్తాడా? హాలు పోతుంది. పోయింది తన వల్లేనని, పదకొండు నుంచి ముప్ఫై దాకా పెరిగిన ఆ కుటుంబాలన్నిటికీ తెలుస్తుంది.

ప్రాక్టీస్‌లో ఒక ప్రయత్నం చేశాడు. “ఈసారి కొత్తగా మోహనరాగంలో పాడదాం,” అని ఎత్తుకున్నాడు. రెండు లైన్లు అందరూ అతని వెంట వచ్చారు. మూడో లైనుకి, ఇంటిదారి పట్టిన ఎడ్లలాగా, ఎవరికి వాళ్ళు పాత బాణీలోకి దిగిపోయారు. జ్ఞానమ్మగారు అయితే అసలు కదల్లేదు.

“ఆయన మట్టిలోకి దిగుతుంటే విన్న రాగం నాయనా,” అన్నారు. “దాన్ని మాత్రం మార్చకు.”

ఇంటికి వచ్చి, “ఆ రోజు జ్వరమని చెప్పి మానేస్తాను,” అన్నాడు విమలతో.

ఆవిడ యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. తలెత్తకుండానే, “మీరు మానేస్తే వాళ్ళు పాట మానేస్తారా?” అంది.

ఆశీర్వాదం గతుక్కుమన్నాడు. “నీకు తెలుసా?”

“రికార్డు మన హాల్లోనే ఉందిగా. నాకు చెవుల్లేవనుకున్నారా? ఐదేళ్ళ నుంచి మీరే చెప్తారని చూస్తున్నా.”

“చెప్తే జ్ఞానమ్మగారు ఏమైపోతారు?”

“మీ భయం జ్ఞానమ్మగారి గురించా, మీ పేరు గురించా?” అంది విమల. ఇస్త్రీపెట్టె నిలబెట్టి అతని మొహంలోకి చూసింది. “ఆ కంపెనీవాళ్ళని అన్ని తిట్లు తిట్టారే. వాళ్ళు బ్రాకెట్లలోనన్నా వేశారండీ.”

ఆ మాటకి అతనికి రెండు రోజులు అన్నం సయించలేదు. శనివారం ధైర్యం చేసి పాస్టరుగారికి ఫోన్ చేశాడు. ఆయన ఎత్తగానే, “బ్రదర్, షీట్లు వచ్చేశాయ్! నీ పేరు బోల్డ్‌లో పడింది,” అన్నారు. ఆశీర్వాదం, “సంతోషం అయ్యగారూ,” అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక తనని తనే అసహ్యించుకున్నాడు.

ఆదివారం పొద్దున్న చర్చి కిక్కిరిసి ఉంది. రెండొందలమంది ఉంటారు. ప్రతి చేతిలో ప్రోగ్రాం షీటు. హచిన్స్ మూడో వరసలో, నడిచే దారి పక్క, ఒక్కడే కూర్చున్నాడు. తెలుగువాళ్ళు ముందుకొచ్చి నిలబడ్డారు. ఆశీర్వాదం హార్మోనియం ముందు కూర్చుని తిత్తి తెరిచాడు. 

జ్ఞానమ్మగారు పల్లవి ఎత్తుకున్నారు. డెబ్భై ఏళ్ళ గొంతు, నెమ్మది. రికార్డు మీద హార్లన్ పాడినదానికంటే సగం వేగం. ఇంత నిదానంలో ఏం పోల్చుకుంటాడులే అని ఆశీర్వాదం ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నాడు. పల్లవి రెండో లైను మొదలైంది. హచిన్స్ తల పైకి లేచింది.

ముందు జ్ఞానమ్మగారిని చూశాడు. తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి షీటు చదివాడు. చదివి, తిన్నగా ఆశీర్వాదాన్ని చూశాడు. ఆ చూపు ఇంక పక్కకి తిరగలేదు. చరణంలో అందరి గొంతులూ కలిశాయి. హచిన్స్ కుడిచెయ్యి మోకాలి మీద మూడేసి దెబ్బలు వేస్తోంది. ఆశీర్వాదం వేలు ఒక మెట్టు తప్పింది. పాస్టరుగారు మందలింపుగా చూశారు. పాట ఎప్పుడు అయిపోయిందో అతనికి తెలీలేదు. ఆమెన్‌లు వినబడ్డాయి, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. హచిన్స్ కొట్టలేదు.

ఆరాధన అయ్యాక కింద హాల్లో కాఫీ, మనవాళ్ళు తెచ్చిన జంతికలు. షీటు నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుని హచిన్స్ జనాన్ని తప్పుకుంటూ నేరుగా వస్తున్నాడు. పాస్టరుగారు ఎదురెళ్ళి చెయ్యి కలిపి, ఇంగ్లీషులో, “ఈయనే మా కంపోజర్,” అని ఆశీర్వాదం భుజం మీద చెయ్యేశారు.

హచిన్స్ షీటు విప్పి, పేరు మీద వేలు పెట్టాడు. “ఈ బాణీ నువ్వే కట్టావా?”

“అవునండీ, ఈయనే,” అన్నారు పాస్టరుగారు నవ్వుతూ.

“నేను ఇతన్ని అడుగుతున్నాను.”

చుట్టూ నలుగురైదుగురు మాటలాపారు. జ్ఞానమ్మగారు కాఫీ కప్పుతో పక్కనే నిలబడి ఉన్నారు. కాదంటే ఇంతమందిలో పరువు పోతుంది. అవునంటే, అబద్ధమని తెలిసిన మనిషి సాయంత్రం కమిటీలో కూర్చుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుడిచ్చాడని మెత్తగా అనేసి తప్పించుకోవచ్చు కూడా, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే అతనికి కవరులో వచ్చిన హార్లన్ ఫొటో గుర్తొచ్చింది. ఆ నవ్వూ, ఆ సంతకమూ.

“కాదండీ,” అన్నాడు. “ఓరిన్ టాల్బట్ కట్టారు. 1962లో.”

హచిన్స్ కళ్ళు చిన్నవి చేసి, పరీక్ష పెడుతున్నట్టు అడిగాడు. “అది వెస్ హార్లన్ పాట కదా?”

“పాడింది హార్లన్. రాసిందీ కట్టిందీ టాల్బట్. లేబుల్ మీద బ్రాకెట్లలో ఉంటుంది.”

ముసలాయన షీటు మళ్ళీ మడిచాడు. “ఇరవై ఏళ్ళుగా ఈ మాట నేను చెప్తుంటే విన్నవాడు లేడు,” అన్నాడు. ఆశీర్వాదానికి ప్రాణం లేచొచ్చింది. కానీ హచిన్స్ అక్కడితో వదల్లేదు. “మీ పాటల పుస్తకంలో ఆయన పేరుందా?”

ఆశీర్వాదం పుస్తకం తెరిచి అరవై రెండు తీశాడు. హచిన్స్ ఆ తెలుగు అక్షరాలకేసి చూసి, “ఎక్కడ? చూపించు,” అన్నాడు.

“లేదండీ. ఇక్కడ నా పేరుంది.”

హచిన్స్ పుస్తకం మూసి అతని చేతిలో పెట్టాడు. కాఫీ కూడా ముట్టకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

“ఏమంటున్నాడు ఆ దొర?” అన్నారు జ్ఞానమ్మగారు. పాస్టరుగారు ఎర్రబడ్డ మొహంతో, ఏం లేదమ్మా అనబోయారు. ఆశీర్వాదం అడ్డుపడి మొత్తం తెలుగులో చెప్పేశాడు. కెంటకీ హోటలు, జ్యూక్‌బాక్స్, బార్ పాట, అన్నీ. చుట్టూ ఉన్నవాళ్ళు జంతికలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎవరో ఆడమనిషి, “అయ్యో ప్రభువా, ఇన్నాళ్ళూ తాగుబోతుల పాటా,” అంది.

జ్ఞానమ్మగారు ఆవిడకేసి తిరగలేదు. “ఆ పాటలో ఏముంది?” అని ఆశీర్వాదాన్నే అడిగారు.

“ఒకడు పక్క స్టూలు భార్య కోసం ఖాళీగా ఉంచుతాడు పెద్దమ్మగారూ. ఎవర్నీ కూర్చోనివ్వడు.”

“ఆవిడ వచ్చిందా?”

“రాలేదండీ.”

జ్ఞానమ్మగారు కప్పులోకి చూశారు. “నా పక్కన మంచం కూడా అంతే,” అన్నారు. “తాగుబోతైతేనేం, నాకంటే ముందు వాడికే తెలిసింది.” తర్వాత తలెత్తారు. “పాట ఉండనియ్. పేరు తీసెయ్. నీదేనని అన్నది నేనే. కాదని నువ్వనలేదు. అది మాత్రం నాకు కష్టంగా ఉంది నాయనా.” అని కప్పు బల్ల మీద పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. ఐదున్నరేళ్ళలో ఆవిడ వందనాలు చెప్పకుండా వెళ్ళడం అదే మొదలు.

“కొన్నాళ్ళు ముందు నిలబడొద్దు బ్రదర్,” అన్నారు పాస్టరుగారు. ఆయన కోపంగా అనలేదు. ఆశీర్వాదం తలూపాడు.

కమిటీ కబురు ఆ సాయంత్రం రాలేదు. సోమవారమూ రాలేదు. ఫోన్ మోగితే చాలు, విమల కంటే ముందు అతనే పరిగెత్తి ఎత్తేవాడు. మంగళవారం పాస్టరుగారికి ఉత్తరం వచ్చింది: హాలు ఇంకో ఏడాది మీదే. వంట అయ్యాక కిచెన్ కిటికీలు తెరిచి ఉంచవలెను. కింద హచిన్స్ సంతకం. పాట గురించి ఒక్క ముక్క లేదు.

శనివారం ఆశీర్వాదం నలభై మూడు పుస్తకాలూ ఇంటికి తెచ్చుకుని డైనింగ్ టేబుల్ మీద పేర్చాడు. ప్రతి దాంట్లోనూ అరవై రెండు తీసి, రచన పక్కన తన పేరు ఉంచి, ‘బాణీ’ అన్న మాట కొట్టేసి, కింద కొత్త లైను సిరాతో రాశాడు: ‘బాణీ: ఓరిన్ టాల్బట్’. బ్రాకెట్లు పెట్టలేదు. విమల ఆరబెట్టి ఒక్కొక్కటే మూసింది.

మరునాడు మూడింటికి జ్ఞానమ్మగారి కోడలు హార్మోనియం ముందు కూర్చుంది. ఆశీర్వాదం ఆఖరి వరసలో కూర్చున్నాడు. విమలకి డ్యూటీ, అందుకని ఒక్కడే ఉన్నాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి ప్రార్థన మధ్యలో వెనక తలుపు చప్పుడైంది. హచిన్స్ లోపలికొచ్చి, టోపీ తీసి, అతని పక్కన కూర్చున్నాడు. పలకరించలేదు.

ప్రార్థన అయ్యాక జ్ఞానమ్మగారు లేచి, ఎవరూ అడక్కుండానే అరవై రెండు ఎత్తుకున్నారు. హచిన్స్ చెయ్యి చాచాడు. ఆశీర్వాదం పుస్తకం తెరిచి ఇచ్చాడు.

“ఎక్కడ?”

ఆశీర్వాదం చూపించాడు. హచిన్స్ తన లావుపాటి వేలు ఆ సిరా అక్షరాల కింద పెట్టాడు. “టాల్బట్?”

“టాల్బట్.”

పాట అయ్యేదాకా ఆ వేలు అక్కడే ఉంది.